అమ్మమ్మ ఊరి శాసనాలు

"మీ ఊరేది?" అని ఎవరడిగినా అమ్మమ్మ ఒకటే జవాబు చెప్పేది. "మా ఊరా? చేపలకిచ్చాం."

చిన్నప్పుడు మేమంతా ఆ మాటకి నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు. జవాబు చెప్పేసి చేస్తున్న పనిలో పడిపోయేది.

ఆ ఊరి పేరు పుల్లారెడ్డిగూడెం. పల్నాడులో, నాగార్జునకొండ లోయలో ఉండేది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. జొన్న, సజ్జ, కాస్త ఆముదం, గొడ్లూ గొర్రెలూ. చుట్టుపక్కల లంబాడీ తండాలు, కొండల మీద చెంచులు. అమ్మమ్మ పద్నాలుగో ఏట ఆ ఊరికి కోడలిగా వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. ఈ రెండు తేదీల మధ్యే లోయలోని ఊళ్ళు ఖాళీ అయ్యాయి. నీళ్ళు వదిలిన ఏడాదే నేను పుట్టాను. కాబట్టి అమ్మమ్మ ఊరిని నేను చూడలేదు. నాకు తెలిసిన పుల్లారెడ్డిగూడెం అంతా ఆవిడ చెప్పిందీ, పుస్తకాల్లో చదివిందీ. ఆ రెండూ ఒకే ఊరి గురించి చెబుతున్నాయని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

పుస్తకాల్లో ఉన్న ఊరి కథ 1926లో మొదలవుతుంది. సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు లోయలో నిలబడి ఉన్న రాతి స్తంభాల గురించి ప్రభుత్వానికి తెలియజేశాడు. మద్రాసు శాసన శాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. బయటపడిన ప్రాకృత శాసనాలని వోగెల్ చదివి ప్రకటించాడు. 1938 తర్వాత టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వాడు. ఆనకట్ట ఖాయమయ్యాక, ముంపుకి ముందే చూడగలిగినంత చూడాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఇదేనని తేలింది. దొరికినవాటిలో ముఖ్యమైన కట్టడాలని రాయి రాయిగా విప్పి కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. కొండ చుట్టూ నీళ్ళు నిండి కొండ ద్వీపమైంది. ఇంత శ్రద్ధగా చేసిన పని మన దేశంలో తక్కువ. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

అయితే ఈ కథలో పుల్లారెడ్డిగూడెం రెండే రెండు చోట్ల కనిపిస్తుంది. స్తంభాలు దొరికిన చోటుగా ఒకసారి, మునిగిపోయిన చోటుగా మరోసారి. మధ్యలో అక్కడ బతికినవాళ్ళ ఊసు లేదు.

1988లో నేను గుంటూరులో ఎం.ఏ. చరిత్ర చదువుతుండగా అమ్మమ్మని తీసుకుని నాగార్జునకొండ వెళ్ళాను. ఆవిడకి అప్పటికి అరవై ఉంటాయి. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళకి ముప్ఫై నలభై మైళ్ళ దూరంలోనే ఉన్నా ఆవిడ ఒక్కసారీ అక్కడికి వెళ్ళలేదు. లాంచీ కదిలాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, కొండల్ని చూసి లెక్క కట్టుకుంటోంది. కాసేపటికి వేలు చాపి, "ఇదిగో, ఇక్కడికి కొంచెం అవతల మన కల్లం" అంది. చుట్టూ ఉన్నవి నీళ్ళే. పక్కన కూర్చున్న కుర్రాళ్ళు ఆ వేలు చూపించిన వైపు తొంగి చూశారు, చేప ఏదైనా ఎగిరిందేమోనని.

మ్యూజియంలో నేను శాసనాల దగ్గర ఆగిపోయాను. పాఠంలో చదివినవి కళ్ళ ముందు కనిపిస్తుంటే ఉత్సాహం పట్టలేక ఆవిడకి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆవిడ అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. అది చెప్పాలంటే ముందు ఆ రాళ్ళ మీద ఏముందో చెప్పాలి.

ఇక్ష్వాకుల్లో మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. అతని కొడుకు మళ్ళీ వాసిష్ఠీపుత్రుడు, ఎహువల శాంతమూలుడు. శాతవాహనుల్లో గౌతమీపుత్రుడి లాగే వీళ్ళూ తల్లి పేరుతో చెప్పుకున్నారు. ఇది చదవగానే మాలో కొంతమందికి అప్పట్లో పూనకం వచ్చింది. ఆంధ్రదేశంలో ఒకప్పుడు మాతృస్వామ్యం ఉండేదని వ్యాసాలు కూడా రాశాం. నేనూ ఒకటి రాశాను, అచ్చు కానందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఎందుకంటే వాసిష్ఠి, మాఠరి, గౌతమి అనేవి ఆ తల్లుల సొంత పేర్లు కావు. వాళ్ళ పుట్టింటి గోత్రాన్ని చెప్పే పేర్లు. అంతఃపురంలో చాలామంది రాణులున్నప్పుడు ఏ రాణి కొడుకో తెలియడానికి పనికొచ్చిన గుర్తులు. సింహాసనం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళింది. మనకి పూర్వం స్వర్ణయుగం ఒకటి ఉండి తీరాలన్న ఆరాటం మగ చరిత్రకారులకే కాదు, మనకీ ఉంటుంది.

తల్లి సొంత పేరు కొడుకు బిరుదులో దొరకదు గానీ, ఆడవాళ్ళు స్వయంగా వేయించిన శాసనాల్లో దొరుకుతుంది. నాగార్జునకొండ విశేషమంతా అక్కడుంది. శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసిన వైదిక రాజు. అతని ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి మహాచైత్యాన్నీ విహారాలనీ ఇచ్చారు. వాళ్ళలో పెద్దది అతని తోబుట్టువు శాంతిశ్రీ. శాసనంలో చాంతిసిరి అని ఉంటుంది. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి ఆమె నిలబెట్టిన స్తంభాల మీద ఆమె పరిచయం చాలా పొడుగ్గా ఉంటుంది. అశ్వమేధం చేసిన శాంతమూలుడి చెల్లెలు, పూకీయ వంశానికి చెందిన మహాసేనాపతి, మహాతలవరుడైన కందసిరి భార్య, ఫలానావాడి తల్లి, ఏలుతున్న రాజుకి మేనత్త. ఇందరు మగవాళ్ళని దాటుకుని వచ్చాక ఆమె చేసిన పని కనిపిస్తుంది. శ్రమణులకీ బ్రాహ్మణులకీ దీనులకీ దానం చేసే చెయ్యి అని తన గురించి తను చెప్పుకుంటుంది. తలవరుడి భార్య గనక ఆమె మహాతలవరి. మన 'తలారి' మాటకి మూలం ఆ తలవరే అంటారు. మూడో శతాబ్దంలో సేనాపతులకుండే హోదా, మన కాలానికి ఊరి వెట్టి పనివాడి పేరయింది.

రాజవంశాన్ని ఈ ఆడవాళ్ళు కలిపి కుట్టిన తీరు మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. శాంతమూలుడి మరో చెల్లెలు హమ్మసిరి. ఆమె కూతుళ్ళు బాపిసిరి, ఛఠిసిరి ఇద్దరూ వీరపురుషదత్తుడి రాణులు. అంటే మేనత్త కూతుళ్ళు. శాంతిశ్రీ కూడా తర్వాతి శాసనం ఒకదానిలో ఆ రాజునే అల్లుడంటుంది. తన కూతుర్నీ ఇచ్చిందన్నమాట. శాంతమూలుడి కూతురు అడవి శాంతిశ్రీని ధనక వంశంలో మహాసేనాపతికిచ్చారు. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరిని వనవాస రాజుకిచ్చారు. ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక ఇక్కడికి వచ్చింది. ఎత్తుబడి పెళ్ళిళ్ళు, మేనరికాలు, ఆస్తి చేజారకుండా చూసుకోవడాలు. శాసనాలని వంశవృక్షం గీయడానికి వాడుకున్న చరిత్రకారులు దీన్ని 'వివాహ సంబంధాలు' అని ఒక ఉపశీర్షిక కింద పెట్టి ముగించేస్తారు. మేనమామ కొడుక్కి ఇవ్వబోతుంటే ఇంట్లోంచి వెళ్ళిపోయిన స్నేహితురాలు ఉన్న నాలాంటిదానికి ఆ ఉపశీర్షిక అంత త్వరగా ముగియదు.

ఈ పేర్లలో చాలావాటి చివర సిరి ఉంది. శ్రీ అన్న సంస్కృతం ప్రాకృతంలో సిరి అయింది, తెలుగులో సిరి అంటే ఇప్పటికీ సంపదే. అది ఎవరి సిరి?

రాజుల ఇంటివాళ్ళ సంగతి అటుంచితే, నాకు బాగా ఇష్టమైనది బోధిసిరి. ఈమె రాణి కాదు. గోవగామంలో ఉండే ఉపాసిక. బంధువుల పేర్లని బట్టి చూస్తే వర్తకుల ఇంటి ఆడమనిషిలా ఉంటుంది. వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో చుల్లధమ్మగిరి మీద సింహళం నుంచి వచ్చిన థేరుల కోసం ఒక చైత్యగృహం కట్టించి, దాని నేల మీద పొడుగాటి శాసనం చెక్కించింది. ఆ థేరులు ఎక్కడెక్కడ ధర్మాన్ని చాటారో చెబుతూ కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవనం, ద్రవిడం, తామ్రపర్ణి ద్వీపం అంటూ దేశాల పేర్లు వరసగా చెబుతుంది. ఆ తర్వాత తను చేసిన దానాలన్నీ ఒక చోట రాయించుకుంది. కులహ విహారంలో చైత్యగృహం, సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, పెద్ద ధమ్మగిరి మీద ఒక గది, మహావిహారంలో మండప స్తంభం, దేవగిరి మీద ధ్యానశాల, పూర్వశైలంలో చెరువూ వసారా మండపమూ, కంటకశైల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుప్ఫగిరి మీద రాతి మండపం. కంటకశైలం అంటే ఇప్పటి ఘంటసాల. కృష్ణ పొడుగునా, కొండ నుంచి సముద్రం దాకా ఆమె చెయ్యి పడని చోటు లేనట్టుంది.

ఈ పుణ్యమంతా ఎవరికి? ఉభయ కులాలకీ అని రాయించింది. పుట్టింటికీ మెట్టింటికీ. భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, పై తరాలవాళ్ళు, ఆఖరికి కొఠారం చూసే మనిషి పేరు కూడా రాతికెక్కించింది. పని చూసినవాళ్ళ పేర్లతో పాటు రాయి పనివాడు విధికుడి పేరూ ఉంది. రాజుల శాసనాల్లో ఇంతమంది మామూలు మనుషులు కనిపించరు. పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ జాబితా రాసేటప్పుడు ఒక్కరు కూడా నొచ్చుకోకూడదని అమ్మ తెల్లవార్లూ గుర్తు చేసుకునేది. ఆ జాబితా గుర్తొస్తుంది నాకు బోధిసిరిని చదివినప్పుడల్లా.

నేను ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. దేశాల పేర్లన్నీ ఊఁ కొట్టింది. చైత్యాలూ గదులూ ఊఁ కొట్టింది. చివరికి అడిగింది.

"ఇన్నేసి కట్టించింది గదా, డబ్బు ఎవరి చేతిలో ఉండేదే అమ్మాయ్?"

నాకు తెలియదని చెప్పాను. నిజానికి అది అడగాల్సిన ప్రశ్న అని కూడా అప్పటిదాకా నాకు తోచలేదు. మా పాఠాల్లో 'స్త్రీలు విరివిగా దానధర్మాలు చేశారు, దీన్ని బట్టి వారికి సమాజంలో ఉన్నత స్థానం ఉండేదని తెలుస్తోంది' అన్న వాక్యం ఉండేది. పరీక్షలో రాస్తే మార్కులు పడేవి. దానం చేసినంత మాత్రాన ఆస్తి తనదైపోతుందా? మన ఇళ్ళల్లో నోములకీ వ్రతాలకీ చేతినిండా ఇచ్చే ఆడవాళ్ళు లేరా? కుంకుమ భరిణెలూ చీరలూ పంచిపెట్టిన ఆ చేతులే మర్నాడు బస్సు చార్జీకి భర్త దగ్గర చాపాలి. మనువు ఆరు రకాల స్త్రీధనం లెక్క చెప్పాడు. అవన్నీ ఎవరో ఇచ్చినవే, సంపాదించుకున్నది ఒక్కటీ లేదు. రుద్రధర భట్టారిక మాత్రం తను నిలబెట్టిన స్తంభం మీద నగదు లెక్క చెప్పింది, 170 దీనారి-మాషకాలని. ఉజ్జయిని నుంచి పుట్టింటివాళ్ళిచ్చిన సొమ్మేమో అని నా ఊహ. ఊహ అనే చెబుతున్నాను. బోధిసిరిది వ్యాపారుల ఇల్లయితే, ఆ వ్యాపారంలో ఆమె చెయ్యి ఉండి ఉండవచ్చు. కొఠారం చూసే మనిషిని జాబితాలో ఎందుకు చేర్చిందో దానితో అర్థమవుతుంది. దేశాల పేర్లన్నీ ఆమె నోటికి ఎలా వచ్చాయో కూడా. బౌద్ధ సంఘానికి ఇచ్చింది కాబట్టి ఆమె ఇవ్వడం రాతి మీద మిగిలింది. ఇంట్లో ఆమె మాట చెల్లిందో లేదో మిగల్లేదు.

మ్యూజియంలో ఉన్న ఇంకో రాయి గురించి చెప్పాలి. తల లేని స్త్రీమూర్తి. బట్టల్లేవు. కాళ్ళు మడిచి, ప్రసవానికన్నట్టు విప్పి కూర్చుంది. ఇలాంటి మూర్తుల్ని పండితులు లజ్జాగౌరి అంటారు, సిగ్గు లేని భంగిమకి ఆ పేరెవరు పెట్టారో గానీ. అలంపురంలోనూ ఒకటుంది, పిల్లల కోసం ఆడవాళ్ళు దానికి మొక్కుకుంటారు. నాగార్జునకొండ మూర్తి మీద ఒక చిన్న శాసనం ఉంది. దీన్ని చేయించింది ఎహువల శాంతమూలుడి రాణి, మహాదేవి ఖందువుల. ఆమె గురించి రెండు మాటలున్నాయి. అవిధవ. జీవపుత్ర. విధవ కాదు, కొడుకు బతికున్నవాడు.

పెళ్ళి శుభలేఖల్లో 'లక్ష్మీ సౌభాగ్యవతి' అని రాయడం పాత ఆచారమని తెలుసు గానీ ఇంత పాతదని నాకు అప్పటిదాకా తెలియదు. మహారాణి కూడా రాతి మీద తన సంగతి చెప్పుకోవాలంటే ముందు తను ఏది కాదో చెప్పుకోవాలి. చెప్పుకోదగ్గ మాటల్లో అది మొదటిది. చేయించిన మూర్తేమో ఏ మొగుడి పక్కనా నిలబడని, ఏ మొహమూ లేని ఒంటరి ఆడ దేవత. ఆ రెంటినీ ఒకే రాతి మీద ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మొక్కు తీరాక కృతజ్ఞతతో చేయించిందేమో. లేక ఆ రెండూ పోతాయన్న భయంతో చేయించిందేమో.

ఆ మాటలు నేను అమ్మమ్మకి చెప్పలేదు. ఆవిడ ఇరవై అయిదో ఏట, 1953లో, తాతయ్య జ్వరంతో పోయాడు. అప్పటికి మా అమ్మకి ఆరేళ్ళు. ఆవిడకి కొడుకులు లేరు. ఖందువుల చెప్పుకున్న రెండు మాటల్లో ఒక్కటీ లేని మనిషి. మా చిన్నాన్న పెళ్ళిలో తలంబ్రాల వేళకి ఆవిడంతట ఆవిడే లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం చూశాను. ఎవరూ వెళ్ళమనలేదు. ఆగమనీ అనలేదు. అలాంటి మనిషి ముందు నిలబడి 'అవిధవ' అన్న మాటకి అర్థం చెప్పడానికి నోరు రాలేదు. ఆ మూర్తి ముందు ఆవిడే ఆగింది. చాలాసేపు చూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెయ్యి చాపి పొట్ట మీద తాకి కళ్ళకద్దుకుంది. అదేమిటని నేనడగలేదు.

డబ్బు ఎవరి చేతిలో ఉండేదన్న ఆవిడ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. స్త్రీశక్తి సంఘటనవాళ్ళు 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' నా చేతికి ఆలస్యంగా వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న పుస్తకం అది. అది చదివాక, చరిత్ర చదువుతున్నానని తిరుగుతూ ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క ప్రశ్నా అడగలేదని సిగ్గేసింది. 1990 వేసవి సెలవుల్లో ఒక టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

మొదట్లో మాట్లాడలేదు. "నా కథేముంది, పోయి రాజుల్ని రాసుకో" అంది. మూడో రోజు గోంగూర ఒలుస్తూ తనంతట తనే మొదలుపెట్టింది.

తాతయ్య పోయినప్పటికి అన్నదమ్ములు వేరు పడలేదు. పొలం ఉమ్మడిది. ముంపు కింద భూములు పోతాయని చెప్పి కొలతలు వేశారు. పరిహారం డబ్బు బావగారి పేరున వచ్చింది. ఆయన ఇంటికి పెద్ద కాబట్టి అది మామూలే అనుకున్నారు. అమ్మమ్మ కూడా అలాగే అనుకుంది. భర్త వాటాలో భార్యకి హక్కు ఉందని 1937 నాటి చట్టమే ఒప్పుకుంది, 1956లో హిందూ వారసత్వ చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బుతో బావగారు మాచర్ల వైపు పొలం కొన్నాడు. "నీకూ నీ బిడ్డకీ తిండికి లోటుండదు" అన్నాడట. నాలుగేళ్ళు లోటు లేకుండా చూశాడు. తర్వాత ఆయనా పోయాడు. ఆయన కొడుకుల కాలానికి ఆవిడ 'దిక్కులేని పిన్ని' అయింది.

"నేనేమన్నా వాటా అడిగానా? అడగాలని కూడా తెలవదు. అడిగితే ఊరుకునే వాళ్ళేమోలే. ఎవురికి తెలుసు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం లేదు. టేపు ఎన్నిసార్లు విన్నా నాకు కోపమే వినపడాలనిపిస్తుంది, వినపడదు.

ఊరు ఖాళీ చేయకముందు, 1950ల చివర్లో, ఆవిడ తవ్వకాల్లో మట్టి మోసింది. ఇది నాకు అప్పటిదాకా తెలియదు. చుట్టూ రాతి మెట్లున్న మైదానం దగ్గర, హారీతి గుడి దిక్కున, లోయలోని ఆడవాళ్ళంతా తట్టలతో మోశారట. హారీతి పిల్లల్ని కాపాడే దేవత. ఆ గుడినీ, మెట్ల రంగస్థలాన్నీ ఇప్పుడు అనుపులో చూడొచ్చు. రంగస్థలం మధ్యలో చప్పట్లు కొడితే చివరి మెట్టు దాకా వినపడుతుందని వెళ్ళినవాళ్ళంతా కొట్టి చూస్తారు. "ఆ మెట్ల మీద మట్టి నెత్తిన పెట్టుకుని దిగింది మేమే" అంది. జాగ్రత్తగా తవ్వాలని పైవాళ్ళు కేకలేసేవాళ్ళట. ఒకసారి ఆవిడ తట్టలో పూసొకటి కనపడితే తీసిచ్చింది. అణా బహుమానమిచ్చారు.

తర్వాత ఆనకట్ట పనికి వెళ్ళింది. నాగార్జునసాగర్ కాంక్రీటు ఆనకట్ట కాదు, రాతి కట్టడం. ఆ ఎత్తుకి ఆ రాళ్ళూ మాలూ చేరింది చాలావరకు మనుషుల నెత్తుల మీద. వెదురు కర్రల సారువల మీద వరసలు కట్టి ఎక్కుతున్న కూలీల ఫోటోలు మీరూ చూసి ఉంటారు. వాళ్ళలో సగం చీరలే. మా అమ్మ కింద చెట్టు కొమ్మకి కట్టిన ఉయ్యాలల దగ్గర ఇంకొకరి పిల్లల్ని ఊపుతూ ఉండేదట. ఆనకట్టల్ని ఆధునిక దేవాలయాలన్నారు. ఆ దేవాలయం కోసం తన ఊరిని ముంచే గోడకి అమ్మమ్మ తన చేత్తోనే రాళ్ళందించింది. ఈ మాట నేను రాస్తే గొప్పగా ఉంటుంది. ఆవిడతో అంటే, "ఏం జేస్తాం, కూలి ఆడే దొరికేది" అంది.

ఆ నీళ్ళతో కుడి కాలువ కింద వరి పండింది. గుంటూరు జిల్లా మారిపోయింది. నా చదువుకి డబ్బు అలాంటి ఒక పొలం నుంచే వచ్చింది, మా నాన్నగారిది. కాబట్టి ఆనకట్ట కట్టకుండా ఉండాల్సిందని నేను అనలేను. ఆవిడా అనలేదు. నేను వెతుకుతున్నది వేరే. ఆ లోయకి వారసత్వం అంటే ఏమిటని అడిగితే మనం వేలు చాపి చూపించేది కొండ మీదికెక్కిన రాళ్ళని. వాటిని తీసుకెళ్ళాల్సిందే. శాంతిశ్రీ, బోధిసిరి, ఖందువుల నీళ్ళలో మునిగిపోయి ఉంటే నాలాంటివాళ్ళకి మాట్లాడటానికి ఏ ఆధారమూ ఉండేది కాదు. కానీ ఆ లోయలో ఎక్కడో బావి ఉండేది, దాని గట్టు మీద తాళ్ళ గాడులుండేవి. పురుడు పోసే ముసలామె ఒకరుండేది, ఏ మందాకు ఏ కొండ మీదుందో చెంచు ఆడవాళ్ళు ఆమెకి చెప్పేవాళ్ళు. వేపచెట్టు కింద పోలేరమ్మ రాయి ఒకటుండేది. ఇంటిల్లిపాదీ సామాను బళ్ళకెత్తుకుని వెళ్ళేటప్పుడు ఆ రాయిని ఏం చెయ్యాలో మగవాళ్ళు తేల్చుకోలేకపోతే ఆడవాళ్ళు దాని మీది పసుపూ, కాసిని వేపాకులూ మూట కట్టుకున్నారట. దేవత వాటిలో వచ్చిందని లెక్క. ఆ మూట విప్పి మాచర్ల వైపు కొత్త ఇళ్ళ దగ్గర ఇంకో రాయికి పూశారు. కట్టడాలు తరలించినవాళ్ళ నివేదికల్లో ఈ తరలింపు లేదు.

అమ్మమ్మ 1999లో పోయింది. నాలుగు క్యాసెట్లు మిగిలాయి. నాలుగో దాని రెండో వైపు చివర్లో నేను, "నీతో పాటు పనికి వచ్చినవాళ్ళు ఎవరెవరు?" అని అడిగాను. ఊరికే, టేపు ఇంకా ఉంది కదా అని. ఆవిడ ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ పోయింది. ఫలానా ఆమె, ఫలానా ఆమె తోడికోడలు, వాళ్ళ ఆడబిడ్డ, మాలపల్లె నుంచి వచ్చే అక్కాచెల్లెళ్ళిద్దరు, కాలు జారి పడిపోయిన ఆమె, ఆమె బిడ్డకి పాలిచ్చిన ఇంకొకామె. బావగారి పేరు గానీ మేస్త్రి పేరు గానీ మధ్యలో రాలేదు. నేను తర్వాత వాటిని కాగితం మీద రాసుకున్నాను. ఇరవై ఏడు పేర్లు. వాళ్ళ పిల్లలెవరైనా ఉంటారేమో, అడక్కుండా అచ్చులో పెట్టడం బాగుండదని ఇక్కడ రాయడం లేదు.

ఇరవై ఎనిమిదో పేరు కూడా ఒకటుంది. అక్కడికొచ్చేసరికి టేపు గరగరమంటుంది. "తండా నుంచి వచ్చేది, నా పక్క వరసలోనే ఎక్కేది, దాని పేరూ..." అన్నంతవరకు వినపడుతుంది.